రేవులో దిగిన పరదేశి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖను ఊడ్చేసినప్పుడు, 2020 మే 7న వెంకటాపురంలో స్టైరీన్ గ్యాసు లీకైనప్పుడు, సేవ చెయ్యమని మనకెవరూ ప్రసంగం చెయ్యనక్కర్లేకపోయింది. కళ్లెదుట కష్టం ఉంటే చేతులు వాటంతటవే కదులుతాయి. ఆ మంచితనం దేవుణ్ణి నమ్మనివాళ్లకూ ఉంది. విశ్వాసులమని చెప్పుకునే మనం తేల్చుకోవలసింది వేరే ఉంది. పేపర్లో రాని కష్టం, మన ఊరివాడు కానివాడి కష్టం మనల్ని కదిలిస్తోందా?

పాతనగరంలో రాస్ కొండ మీది మేరీమాత గుడి దగ్గర నిలబడి కిందికి చూడండి. పోర్టు ఛానెల్‌లోకి ఓడ వస్తుంటుంది. అందులో ఇరవై, ఇరవై ఐదు మంది నావికులు. ఫిలిప్పీన్స్ క్యాథలిక్కు, బర్మా బౌద్ధుడు, సిరియా ముస్లిం, మన శ్రీకాకుళం కుర్రాడు, ఎవరైనా కావచ్చు. నెలల తరబడి కాంట్రాక్టు. సరుకు దిగితే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ సముద్రమే. ఆలోగా ఒడ్డుకు దిగడానికి షోర్ పాస్ చేతికొచ్చి, డ్యూటీ లేకపోతేనే గేటు దాటేది. అతనికి కావలసింది పెద్దదేం కాదు. ఇంటికి వీడియో కాల్ చేసుకోడానికి నెట్టు, మోసం చెయ్యని ఆటో, ఒక షాంపూ సీసా, నీ పేరేమిటని అడిగే మనిషి. 2020లో కరోనా వల్ల కాంట్రాక్టు ముగిసినా ఓడ దిగలేక ప్రపంచమంతా దాదాపు 4 లక్షల మంది నావికులు చిక్కుకుపోయారు. వాళ్లు మోసుకొచ్చిన సరుకు మాత్రం మన ఇళ్లకు చేరుతూనే ఉంది.

1835లో ఇంగ్లండులో జాన్ ఆష్లీ అనే గురువు బ్రిస్టల్ ఛానెల్‌లో లంగరేసి ఉన్న ఓడలను చూశాడు. వాటిలోని నావికుల దగ్గరికి ఏ చర్చీ వెళ్లడం లేదని గ్రహించి, పడవెక్కి ఓడ ఓడకూ తిరగడం మొదలుపెట్టాడు. ఆ ఒరవడిలోనే 1856లో నావికుల మిషన్ ఏర్పడింది. 1920లో గ్లాస్గోలో క్యాథలిక్కులు ప్రారంభించిన పరిచర్య ఇప్పుడు స్టెల్లా మారిస్ పేరుతో ఎన్నో దేశాల రేవుల్లో నడుస్తోంది. మనం కొత్తగా కనిపెట్టాల్సిందేం లేదు.

మరి మనసు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? పుణ్యం లెక్కతో అయితే రెండు నెలల్లో అలసిపోతాం. సిలువకు ముందు రాత్రి ప్రభువు నడుముకు తువ్వాలు చుట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు. తనను అప్పగించబోయేవాడి కాళ్లు కూడా. అర్హత చూసి కడిగి ఉంటే ఆ గదిలో ఎవరి కాళ్లూ తడిసేవి కావు. మనకు దొరికిన కృప కూడా అలాంటిదే కదా! తీర్పు దినాన ఆయన అడగబోయేవాటిలో పరదేశిని చేర్చుకున్నామా అన్నది ఒకటి. ఆ పరదేశి మన పోర్టు గేటు దగ్గరే దిగుతున్నాడు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నెట్టు ఇచ్చి, బదులుగా కరపత్రం చదవమంటే అది సేవ కాదు, బేరం. ప్రార్థన అడిగితే చెయ్యండి. అడక్కపోతే టీ ఇప్పించి, క్షేమంగా ఓడ దగ్గర దింపి రండి.

జూలై రెండో ఆదివారాన్ని చాలా సంఘాలు నావికుల ఆదివారంగా ఆచరిస్తాయి. అప్పటిదాకా ఆగకండి. మీ సంఘంలో పోర్టులో పనిచేసే అన్నయ్య ఒకరైనా ఉంటారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన్ని కూర్చోబెట్టి, నావికులను కలవడానికి ఎవరి అనుమతి కావాలో అడిగి, నలుగురు పేర్లు రాసుకోండి.