మందారం చెప్పే వెలుగు పాఠం

గుంతకల్లులో పని చూసుకుని, పొద్దుగూకాక బైక్ మీద మద్దికెర బయల్దేరారనుకోండి. ఎదురుగా రోడ్డు కనబడుతూనే ఉంటుంది. భయమల్లా పక్కల నుంచే! చేలోంచి ఓ ఎద్దో, మలుపులోంచి ఓ పిల్లాడో ఉన్నట్టుండి అడ్డం వస్తే? ముందే కంటబడాలంటే వీధి దీపం ఎంత వెలుగిస్తోందన్నది ఒక్కటే చాలదు. ఆ వెలుగు ఏ రంగుదన్నదీ ముఖ్యమే.

పెద్ద రోడ్ల మీద చాలా ఏళ్లు సోడియం దీపాలే వెలిగాయి. ఆ పసుపు వెలుగులో ఎర్ర చీరా ఆకుపచ్చ చీరా ఒకేలా మట్టిరంగులో కనబడేవి. 2014లో హుద్‌హుద్ తుపాను దెబ్బ తిన్న విశాఖపట్నం, ఆ మరుసటి ఏడాది 90 వేలకు పైగా ఎల్‌ఈడీలు పెట్టుకుంది. 2017లో కర్నూలు సహా ఏడు జిల్లాల పల్లెల్లో 10 లక్షల పాత దీపాలు మార్చే పథకం మొదలైంది.

తెల్ల వెలుగు గొప్పేమిటి? సాయంత్రం పెరట్లో మందార చెట్టు చూడండి. చీకటి పడేకొద్దీ ఎర్ర పువ్వు నల్లబడుతుంది, ఆకులు తేటగా ఉంటాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 200 ఏళ్ల కిందటే ఈ వింత గమనించాడు. మన కంటి రెటీనాలో రెండు రకాల కణాలున్నాయి. పగటి చూపు శంకువులది. వాటికి 555 నానోమీటర్ల దగ్గరి పసుపుపచ్చ వెలుగు బాగా అందుతుంది. చీకట్లో పనిచేసేవి దండాలు. వాటికి 507 దగ్గరి నీలిపచ్చ వెలుగు కావాలి. సోడియం దీపంలో అది తక్కువ, తెల్ల దీపంలో ఎక్కువ.

వీధి దీపాల మసక వెలుగులో రెండు రకాల కణాలూ పనిచేస్తాయి. సూటిగా చూసే చోట దండాలుండవు కాబట్టి అక్కడ రంగుతో పెద్ద తేడా రాదు. కంటి చివరి చూపుకు మాత్రం తెల్ల వెలుగు బాగా సాయపడుతుంది. వెలుగు కొలిచే మీటర్లు పగటి కంటి లెక్కతో తయారైనవి. అందుకే పసుపు దీపానికి ఎక్కువ మార్కులు పడేవి. అంతర్జాతీయ వెలుగు సంస్థ సీఐఈ, మసక వెలుగు లెక్కను 2010లో ఖరారు చేసింది.

అలాగని తెలుపు ఎక్కువైనకొద్దీ మంచిదనుకోకండి. నీలం పాలు పెరిగితే కళ్లు జిగేల్‌మంటాయి. పెద్ద వయసువారికి మరీ ఇబ్బంది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లో 3000 కెల్విన్ మించని దీపాలు వాడమంది. మీ వీధి దీపం కళ్లలోకి కొడుతోందా? పంచాయతీలో చెప్పండి. కాస్త కిందికి వంచితే ఇంటి అరుగు మీది తాతకు హాయి, బండి మీద వచ్చే మనవడికి దారి.