ఒకే గీత గారడీ కాదు



క్లోద్ మెల్లాన్ 1649లో రాగిపలకపై చెక్కి అచ్చొత్తిన క్రీస్తు ముఖచిత్రాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. అది ఎక్కడ కనబడినా దాని వెంట ఒకటే మెచ్చుకోలు: ముక్కుకొన దగ్గర మొదలై సుడి తిరుగుతూ సాగిన ఒకే ఒక్క గీత అట, ఎంత నేర్పో! ముక్కును పెద్దది చేసి చూడటం, ఔరా అనుకోవడం, సాగిపోవడం. ఈ మెచ్చుకోలు ఆ చిత్రానికి అవమానమని నా అభియోగం.

నేర్పు లేదని కాదు. కళ్ళు, గడ్డం, ముళ్ళకిరీటం, రక్తబిందువులు అన్నీ ఆ గీత లావెక్కడం, సన్నబడటం వల్లనే ఏర్పడ్డాయి. ఉలి లోతుగా దిగినచోట సిరా ఎక్కువ నిలిచి నీడ అవుతుంది; పైపైన సాగినచోట వెలుగు. గీతపై గీత అడ్డంగా గీసి నీడ పుట్టించే మామూలు పద్ధతిని మెల్లాన్ దగ్గరకు రానీయలేదు. సరే, ఇదంతా 'ఎలా' అన్న ప్రశ్నకు జవాబు. 'ఎందుకు' అని అడిగేవారేరీ?

చిత్రం అడుగున ఉన్న లాటిన్ మాటలు చదవండి. ఏకైకుడు ఒక్కదానిచేత రూపొందుతున్నాడని వాటి భావం. ఆ 'ఒక్కది' స్త్రీలింగం. గీత అనుకోవచ్చు, కన్య మరియ అనుకోవచ్చు. శ్లేష అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు కదా! ఏకైక పుత్రుడు ఒక్క కన్యకు జన్మించాడన్న విశ్వాసమే ఇక్కడ చెక్కే పద్ధతిగా మారింది. గీత రెండైతే వాక్యం అబద్ధమవుతుంది.

ఇక ఆ ముఖం ఉన్నది ఒక వస్త్రం మీద. సిలువ మోసుకుపోతున్న క్రీస్తు ముఖాన్ని వెరోనికా తుడిచినప్పుడు ఆ బట్టపై ఆయన రూపం అచ్చుపడిందని ఐతిహ్యం (సువార్తలలో ఈ కథ లేదు). మానవహస్తం గీయని రూపం అది. ముద్రణ కూడా అంతే: తడి కాగితాన్ని పలకకు అదిమితే ముఖం దానికి అంటుకుంటుంది. అంటే మెల్లాన్ చిత్రంలోని ప్రతి ప్రతీ ఆ స్పర్శకు పునరావృత్తే. ఇదే రూపాన్ని కుంచెతో గీసి ఉంటే ఈ అర్థం రాదు.

ఆ కాలపు మతగురువుల ముఖచిత్రాలలో ప్రతీకలు మనిషి పక్కన ఉంటాయి. సిలువ, పుర్రె, గ్రంథం. తీసివేసినా ముఖం మిగులుతుంది. ఇక్కడ ప్రతీకను తీసివేస్తే ముఖమే ఉండదు. ప్రతీకల నిఘంటువులు పట్టుకుని వెదికే పండితులకు ఇది చిక్కకపోవడానికి కారణం అదే కావచ్చు.

ఇదంతా భక్తి ముసుగులో శిల్పి గర్వమేనని ఆక్షేపించేవారున్నారు. గర్వం ఉంది, నేనూ ఒప్పుకుంటాను. కింద 'మరొకడు లేడు' అని కూడా చెక్కి ఉంది. అది క్రీస్తుకూ చెల్లుతుంది, చెక్కినవాడికీ చెల్లుతుంది. కానీ నేర్పు ప్రదర్శనే లక్ష్యమైతే ముఖాలకు కొదవా? పెరెస్క్, గసెందీ వంటి పండితుల రూపాలను కూడా ఆయన చెక్కాడు. వాటిలో గీతలు అనేకం, పక్కపక్కనే నడుస్తాయి. ఈ ముఖం దగ్గరకు వచ్చేసరికే అనేకం ఒకటయింది.