చిత్రమునకు సాక్షి

పూర్వము చిత్రకళాప్రదర్శనమునకు చిత్రమునే చట్రముతో గూడ రైలుమీదనో మనుష్యునిచేతనో పంపవలసియుండెను. ఇప్పుడు పెక్కు ప్రదర్శనములవారు మొదట దాని డిజిటలు ఛాయను మాత్రమే కోరుచున్నారు. ఆన్‌లైను ప్రదర్శనములలోనైతే చూపరులకు సైతము మూలము కనబడదు. కావున బాలుడొకడు నెలదినములు శ్రమించి వ్రాసిన చిత్రమునకు తీర్పు, అరనిమిషములో దీసిన ఫోటోనుబట్టి జరుగుచున్నది. చిత్రలేఖనము నేర్పు మనము ఈ పనిని నేర్పకుండుట న్యాయము గాదని నా యభిప్రాయము.

పరులను నిందించుటకై యీ మాట వ్రాయుటలేదు; తప్పు నాది. గత సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తెల్లవారుజాముననున్న గోదావరి రేవును నీటిరంగులతో చిత్రించినది. నేను దానిని రాత్రివేళ ట్యూబులైటు క్రింద బల్లపై బెట్టి, నిలుచుండియే ఫోను వంచి ఫోటో దీసితిని. మంచుపొర ఆకుపచ్చబారెను. కాగితపు పైయంచు కురుచయ్యెను. నా తలనీడ నీటిమీద బడెను. అంతటితో నాగక, దానిని వాట్సాప్‌లో మిత్రునికి బంపి, ఆయనచే ప్రదర్శనమునకు చేర్పించితిని. చిత్రము ఎంపిక కాలేదు. బాలిక నన్ను తప్పుపట్టలేదు. "మాస్టారూ, ఆకాశానికి నేను ఆకుపచ్చ వెయ్యలేదండి" అని మాత్రము పలికినది.

పిమ్మట నేర్చుకొన్నది చెప్పెదను. చిత్రమును గోడకు నిలువుగా నమర్చి, కెమెరాను దాని నడిమికి సూటిగా, చిత్రమునకు సమాంతరముగా నుంచవలెను. మిక్కిలి దగ్గరకు బోయినచో అంచులు వంగును. ఎండ నేరుగా బడని వరండాలోని పగటి వెలుగు శ్రేష్ఠము, ఫ్లాషు వలదు. అద్దము బిగించిన చిత్రమైనచో దానిని తీసివేయవలెను, లేనిచో ఫోటో దీయువాని మొగమే యందు గనబడును! పెన్సిలు చిత్రములకు స్కానరు చాలును. ఏ4 కాగితమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున స్కాను చేసినచో ఇంచుమించు 2480 పిక్సెలుల వెడల్పు, 3508 పిక్సెలుల పొడవు గల ప్రతి లభించును.

1992లో ప్రమాణముగా నేర్పడిన జేపెగు పద్ధతి, కంటికి అంతగా దెలియని వివరములను విడిచి ఫైలును చిన్నది చేయును. దిద్ది దిద్ది మరల భద్రపరచినకొలది నష్టము హెచ్చును. కనుక మొదటి ప్రతిని ముట్టక దాచి, నకలును మాత్రమే నిబంధనలలోని కొలతకు దగ్గింపవలెను. వాట్సాప్‌లో ఫోటోగా గాక డాక్యుమెంటుగా బంపవలెను.

ఇక రంగుల సంగతి. ఇచ్చటనే నాకును కొందరు తోడి యుపాధ్యాయులకును భేదము. "అందరును రంగులు పెంచి పంపుచుండగా మన పిల్లల చిత్రములు వెలవెలబోవును గదా" యని వారందురు. వారి భయము వట్టిది గాదు. అయినను శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రమును ఫోనుతో దీసి రంగులు పెంచిచూడుడు. చెట్ల వేళ్లనుండి తీసిన ఆ నెమ్మదియైన యెఱుపు మిల్లు అచ్చుగుడ్డవలె మెఱయును. చేసినవాని పనితన మందు మాయమగును. నీటిరంగుల చిత్రములో నిది మఱింత సూక్ష్మము. ఫోటోలో బూడిదవన్నెగా బడిన కాగితమును, చేతిలోని కాగితపు తెలుపు వచ్చువఱకు వెలిగించుట ధర్మమే. కెమెరా చేసిన తప్పును దిద్దుటయే యది. అంతకు మించి యొక్క గీటు జరిపినచో, ఆకాశమున బాలిక పూసిన పలుచని పూత తుడిచిపెట్టుకొనిపోవును. ఆ పూతకే ఆమెకు మూడు దినములు పట్టినది. అబద్ధసాక్ష్యము కూడదని ఆదివారపు బడిలో నేర్పు మనము, ఫోటోచే నట్టి సాక్ష్యము పలికింపవచ్చునా?

కొన్ని ఫోనులు మన మడుగకయే రంగులు పెంచుచున్నవి. అందుచేత మూలమును తెఱప్రక్కన బెట్టి సరిచూడక యేదియు బంపరాదు. తలిదండ్రులకు నా మనవి యొక్కటియే: పిల్లవాడు ఉదయమున ఫోను అడిగినప్పుడు, ఆట కొఱకని త్రోసిపుచ్చక, అరగంట యీయుడు. పాఠశాల కార్యాలయపు స్కానరును శనివారము పిల్లలకు విడిచిన బాగుండునని అధికారులను గూడ వేడుచున్నాను.

ఆ బాలిక ఈ యేడు మరల రేవునే చిత్రించినది. మొన్న గుడివరండాలో తానే ఫోటో దీసి, కాగితమును తెఱ సరసన బట్టుకొని చాలసేపు చూచినది. నేను బాగున్నదంటిని. ఆమె యొప్పుకొనక, "నీళ్లు ఇంకా కొంచెం ఎక్కువ నీలంగా ఉన్నాయండి" అని మరల దిద్దుటకు గూర్చున్నది.