కండ్లు మనయి, చిట్టీ కూడా మనదే



పోస్టు కొంచెం పొడుగున్నది, ఓపికతోని చదవండి. సంగతి కండ్ల చిట్టీ గురించి. మనం రిజర్వేషన్ల గురించి, పోడు పట్టాల గురించి, స్కాలర్‌షిప్ బకాయిల గురించి రాసుకునే చోట ఇదేం ముచ్చట అనిపించొచ్చు. కానీ ఆ చిన్న కాగితం కోసం నేను, మా చెల్లె రెండు నెలల్ల మూడుసార్లు పోచంపల్లి నుంచి పట్నం తిరిగినం. మహాలక్ష్మి పుణ్యాన చెల్లెకు జీరో టికెట్టు. నాకు మాత్రం రానుపోను బస్సు కిరాయి, పోయిన ప్రతిసారీ ఒక రోజు కూలి లాసు.

మా చెల్లెకు గురుకులంల చదివేటప్పటి నుంచే సైటు. బోర్డు మీద అక్షరాలు కనపడక పక్క పిల్ల నోట్సు చూసి రాసుకునేది. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది, కబడ్డీ మంచిగ ఆడ్తది. అద్దాలు పెట్టుకొని కూతకు పోలేదు, తీసేస్తే లైను కనపడది. రెండుసార్లు అద్దాలు పగిలినంక కాంటాక్ట్ లెన్సు పెట్టిద్దామని పట్నంల ఒక ప్రైవేటు కండ్ల క్లినిక్కుకు తీసుకపోయిన. చూసినందుకు ఫీజు వేరే, లెన్సు కొలత తీసి అమర్చినందుకు ఫీజు వేరే తీసుకున్నరు. పని మాత్రం బాగనే చేసిండ్రు, ఆ మాట ఒప్పుకోవాలె. లెన్సు పెట్టుడు, తీసుడు, కడుగుడు ఓపికతోని నేర్పిండ్రు. మొదటి డబ్బా అక్కడనే కొన్నం.

డబ్బా అయిపోయినంక అదే కంపెనీ లెన్సు వేరే షాపుల తక్కువకు దొరుకుతున్నదని చెల్లె దోస్తు చెప్పింది. ఆ షాపాయన చిట్టీ తెమ్మన్నడు. చిట్టీ కోసం క్లినిక్కుకు పోయినం. కౌంటరు మీద ఉన్నామె, "లెన్స్ ప్రిస్క్రిప్షన్ మేం బయటకు ఇవ్వం, కావాలంటే ఇక్కడే తీసుకోవాలి" అన్నది. ఎందుకియ్యరు మేడం అని అడిగితే, "మీకు అర్థం కాదు, బయట కొంటే కండ్లు పోతయ్" అన్నది.

ఈ "మీకు అర్థం కాదు" అన్న మాట మనకు కొత్త కాదు. బ్యాంకుల విన్నం, మండలాఫీసుల విన్నం. ఆ మాట వినంగనే మనం తల దించుకొని బయటకొస్తం. ఆ రోజు మేం కూడా అట్లనే వచ్చినం. బస్సుల కూసున్నంక మా చెల్లె అడిగింది: "అన్నా, పైసలు మనం కట్టినం. చూసింది నా కండ్లు. మరి నా నంబరు నాకెందుకు చెప్పరు?" దానికి నా దగ్గర జవాబు లేకుండె. ఈ పోస్టు ఆ ప్రశ్నకు జవాబు.

రెండోసారి పోయి గట్టిగ అడిగితే ఒక చిట్టీ చేతుల పెట్టిండ్రు. సంబరపడి షాపుకు తీసుకపోతే ఆయన చూసి, "ఇది అద్దాల చిట్టీ తమ్మీ, లెన్సుది కాదు" అన్నడు. రెండూ ఒకటే అని మనలో చానామంది అనుకుంటం. కాదు. అద్దం కంటికి ఒక సెంటీమీటరు పైన దూరంల ఉంటది, లెన్సు కంటి మీదనే కూసుంటది. అందుకే నంబరు నాలుగు దాటినోళ్లకు పవర్ మారుతది. మా చెల్లెకు అద్దాల నంబరు మైనస్ 5.50, లెన్సు నంబరు మైనస్ 5.25. దానితోపాటు లెన్సు వంపు ఎంత, వెడల్పు ఎంత అన్న కొలతలు కూడా ఉండాలె. వంపును బేస్ కర్వ్ అంటరు, వెడల్పును డయామీటర్ అంటరు. మా చెల్లెకు 8.6, 14.2. ఈ రెండు అంకెలు లేకపోతే ఆ కాగితంతోని లెన్సు కొనలేం. అంటే చిట్టీ ఇచ్చినట్టే ఇచ్చి, పని కాకుండ ఇచ్చిండ్రు.

మూడోసారి నోటితోని అడగలేదు. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, రెండు కాపీలు తీసుకపోయినం. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, తారీఖు, స్టాంపు అడిగినం. కౌంటరామె లోపలికి పోయి వచ్చింది, సంతకం పెట్టింది. మూడో రోజు చెల్లె ఫోనుకు చిట్టీ ఫొటో వచ్చింది, అన్ని కొలతలతోని, డాక్టరు సంతకంతోని. లొల్లి లేదు, తిట్టుడు లేదు. రెండుసార్లు నోటితోని అడిగితే కానిది ఒక కాగితంతోని అయింది.

ఇప్పుడు రూలు ఏమున్నదో చెప్తా. డాక్టర్లు ఎట్ల నడుచుకోవాలె అన్నదానికి భారత వైద్య మండలి 2002ల నిబంధనలు తెచ్చింది. వాటిల 1.3.2 నిబంధన ప్రకారం పేషెంటు గానీ, పేషెంటు తరఫున వచ్చిన మనిషి గానీ వైద్య రికార్డులు అడిగితే, అడిగినట్టు రసీదు ఇచ్చి 72 గంటల లోపల కాగితాలు ఇయ్యాలె. మా దరఖాస్తుల ఈ ఒక్క నంబరే రాసినం. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018ల రోగుల హక్కుల పత్రం తయారు చేసింది, 2019ల కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని రాష్ట్రాలకు పంపింది. రికార్డులు, రిపోర్టులు తీసుకునే హక్కు అందుల ఉన్నది. మందులు ఎక్కడ కొనాలె, టెస్టులు ఎక్కడ చేయించుకోవాలె అన్నది పేషెంటు ఇష్టం అని కూడా ఉన్నది. లెన్సు, అద్దాలు అన్న పేరు అందుల లేదు గానీ న్యాయం మాత్రం అదే: చూసేటోని దగ్గరనే కొనాలని బలవంతం లేదు.

ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలె. 2002 నిబంధన డాక్టర్లకు వర్తిస్తది. "ఫ్రీ ఐ చెకప్" అని బోర్డు పెట్టిన అద్దాల షాపుల కంప్యూటర్ల చూసేటాయన డాక్టరు కాకపోవచ్చు. అక్కడ పనికొచ్చేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. ఆ చట్టం కింద బిల్లు ఇయ్యకపోవుడు కూడా తప్పే. కానీ ఫ్రీగ చూపించుకున్నదాన్ని ఆ చట్టం సేవ కింద లెక్కగట్టది. అందుకే ఫ్రీ అన్న బోర్డు చూసి లోపలికి పోయేముందే అడగండి: "అద్దాలు కొనకపోయినా చిట్టీ రాసిస్తరా?" ఇయ్యమంటే వెనుకకు రండి. వంద రూపాయలు కట్టి, బిల్లు తీసుకొని, చిట్టీ ఇచ్చే చోట చూపించుకునుడే నయం.

అమెరికాల ఇదే లొల్లి మనకంటే ముందు నడిచింది. అద్దాల చిట్టీ అడగకున్నా ఇయ్యాలని అక్కడ 1978ల రూలు వచ్చింది. లెన్సుల కోసం 2003ల వేరే చట్టమే చేసిండ్రు. లెన్సు అమర్చుడు పూర్తికాంగనే పేషెంటు అడిగినా అడగకపోయినా చిట్టీ చేతుల పెట్టాలె, చిట్టీకి వేరేగ పైసలు అడగొద్దు. అక్కడ ఇంకో దిక్కు కూడా గట్టిగనే ఉన్నది: చిట్టీ లేకుండ ఎవరూ లెన్సు అమ్మొద్దు. మన దగ్గర రెండూ ఉల్టా. చిట్టీ అడిగినోళ్లకు ఇయ్యరు, చిట్టీ లేనోళ్లకు రంగు లెన్సులు పెండ్లి సామాను షాపుల కూడా అమ్ముతరు.

క్లినిక్కుల దిక్కు నుంచి కూడా చూద్దాం. వాళ్లు చెప్పే మాటల నిజం ఉన్నది. లెన్సు అంటే అద్దాల లెక్క కాదు, కంటి నల్లగుడ్డు మీద కూసుండేది. కొలత తప్పితే, మురికి చేరితే పుండు పడ్తది, చూపు పోవొచ్చు. ఏడాదికి ఒకసారన్న కన్ను చూపించుకోవాలె. మన హాస్టల్లల్ల నేను కండ్లారా చూసినయి చెప్తా: ఫంక్షనుకు పోతూ ఒకరి రంగు లెన్సు ఇంకొకరు పెట్టుకునుడు, మందు నీళ్లు అయిపోతే నల్లా నీళ్లల్ల కడుగుడు, రాత్రి తీయకుండనే పండుకునుడు. నల్లా నీళ్లల్ల, ట్యాంకు నీళ్లల్ల అకాంతమీబా అనే పురుగు ఉండొచ్చు. కంటికి కనపడది. అది కంట్లకు పోతే నెలల కొద్ది మందులు వాడాలె. ఆ తప్పు క్లినిక్కుది కాదు, మనది.

కానీ దానికి మందు చిట్టీ దాచిపెట్టుడు కాదు. కన్ను పాడైతదని భయముంటే చిట్టీ మీద తారీఖు వేసి, ఇది ఏడాది వరకే పనికొస్తదని రాయండి. అమర్చినందుకు కష్టం అంటే దానికి ఫీజు తీసుకోండి, మేం కట్టినం గదా. చిట్టీ లేకుంటే మనిషి లెన్సు మానేయడు, అందాజుగ కొంటడు. మా చెల్లె దోస్తు ఒకామె అద్దాల నంబరు చెప్పి ఆన్‌లైన్ల లెన్సు తెప్పించుకొని వారం రోజులు తలనొప్పితోని తిరిగింది. చిట్టీ ఉంటే ఆ కష్టం ఉండకపోవు.

ఇది నాకెందుకు పెద్ద ముచ్చట అనిపించిందో చెప్తా. మేం దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చి పోచంపల్లిల కిరాయికి ఉంటున్నం. మా తాత దగ్గర షావుకారి బాకీ ముచ్చట చానాసార్లు విన్న. ఎంత తెచ్చిండో, ఎంత కట్టిండో అంతా షావుకారి చిట్టాల ఉండేది. మా తాత చేతుల ఒక్క కాగితం లేకుండె. లెక్క ఎవని దగ్గర ఉంటే మాట వానిదే. అందుకే ఏండ్లకేండ్లు కట్టినా బాకీ తీరలేదు. క్లినిక్కు షావుకారి అని నేను అనను. కానీ మన ఒంటి లెక్క వేరేటోని కంప్యూటర్ల ఉండి మన చేతుల లేకపోతే, మనం మళ్ల మళ్ల అదే గడప తొక్కాలె, వాడు చెప్పిన రేటే కట్టాలె.

మన పెద్దోళ్ల సంగతి చూడండి. కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్ల మొదలైంది, రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంల మొదలైంది. మా యాడికి ఆ అద్దాలు వచ్చినయి, మంచి పని. కానీ అద్దాలు పగిలిననాడు నంబరెంత అని అడిగితే ఆమెకు తెల్వదు. మా తండాల ఎవ్వరికీ తెల్వదు. పోచంపల్లిల మా ఇంటి పక్క మగ్గం నేసే పెద్దాయనది కూడా అదే కథ. చిటికి కట్టిన దారం పోగు పోగు కలవాలె, చూపు ఆనకపోతే చీర ఖరాబైతది. ఆయన కూడా పగిలిన అద్దాలు పారేసి మళ్ల మొదటి నుంచి చూపించుకున్నడు. పగిలినా సరే అద్దాలు పారేయొద్దు. ముక్కను బట్టి పవర్ చూసే మిషను ఆప్టికల్ షాపులల్ల ఉంటది.

ఇగ మనం చేయాల్సిన పని. డబ్బులు కట్టకముందే లెన్సు చిట్టీ ఇస్తరా అని అడగండి. చిట్టీ మీద రెండు కండ్లకు వేర్వేరుగ పవర్, బేస్ కర్వ్, డయామీటర్, లెన్సు కంపెనీ పేరు, ఎన్నిరోజులకు మార్చాలె, తారీఖు, సంతకం ఉన్నయా చూడండి. ఇయ్యకపోతే దరఖాస్తు ఇట్ల రాయండి:

"నేను ఫలానా తారీఖున మీ దగ్గర కండ్లు చూపించుకొని కాంటాక్ట్ లెన్సు అమర్చుకున్నాను. బిల్లు నంబరు ఫలానా. నా లెన్సు ప్రిస్క్రిప్షన్ పూర్తి కొలతలతో నాకు కావాలి. భారత వైద్య మండలి 2002 నిబంధనలు, 1.3.2 ప్రకారం 72 గంటల లోపు ఇవ్వగలరు. ఈ దరఖాస్తు అందినట్టు సంతకం చేయగలరు."

సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టుల పంపండి, రసీదు దాచుకోండి. అప్పటికీ ఇయ్యకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. డాక్టరైతే రాష్ట్ర వైద్య మండలికి రాయొచ్చు. వినియోగదారుల కమిషన్ల కేసు వేయాలంటే పట్నం పోవుడు అవసరం లేదు, 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలనే వేయొచ్చు. కట్టిన పైసలు 5 లక్షల లోపు అయితే కేసుకు ఫీజు కూడా లేదు. ప్రైవేటు వద్దనుకుంటే మన పక్కనే బీబీనగర్ ఎయిమ్స్ ఉన్నది, పట్నంల సరోజినీ దేవి కంటి దవాఖాన ఉన్నది.

ఆఖరుకు ఒక పని చెప్తున్న. ఈ ఆదివారం ఇంటికి పోయినోళ్లు మీ యాడి, బాపు, తాత అద్దాలను దగ్గర్ల ఉన్న షాపుకు తీసుకపోయి నంబర్లు రాయించుకొని ఫోన్ల ఫొటో పెట్టుకోండి. మన పిల్లలల్ల ఆప్టోమెట్రీ చదివేటోళ్లు ఉంటే కింద చెప్పండి, నేను రాసినదాంట్ల తప్పుంటే సరిచేయండి. దరఖాస్తు రాయడం రానోళ్లు నాకు మెసేజ్ పెట్టండి, రాసిస్త.

మా చెల్లె ఇప్పుడు చిట్టీని లామినేషన్ చేయించి పర్సుల పెట్టుకున్నది. పోయిన వారం మ్యాచ్‌కు పోయేముందు అది తీసి చూపించి నవ్వింది: "అన్నా, ఇగ నా నంబరు నా దగ్గర్నే ఉన్నది."