పాత కారు... కొత్త హీరో!

తెర మీద డొక్కు కారు కనిపిస్తే చాలు, హాల్లో నవ్వులే నవ్వులు! హీరో తాళం తిప్పుతాడు, అది గురగురమంటుంది, వెనకనించి నల్లటి పొగ కక్కుతుంది, హీరోయిన్ పకపకా నవ్వుతుంది. ఆ తర్వాత అందరూ కలిసి నెడతారు, వెంటనే ఓ డ్యూయెట్టు. రిపేరు బిల్లు ఎవరు కట్టారో మాత్రం ఏ డైరెక్టరూ చూపించడు!

ఆ బిల్లు సంగతే ఈ వారం మన కబురు. ఎందుకంటారా? నాకు తెలిసిన కో-డైరెక్టరు ఒకడున్నాడు, కృష్ణానగర్ వాస్తవ్యుడు. పన్నెండేళ్లుగా ఇతరుల కథలకు క్లాప్ కొట్టించి, ఇప్పుడు సొంత కథ చంకన పెట్టుకుని తిరుగుతున్నాడు. "గురూ! ఆటోలో దిగితే గేటు దగ్గర వాచ్‌మనే నా కథకు క్లైమాక్స్ చెప్పేస్తున్నాడు. ఓ చిన్న కారు కొనాలి," అన్నాడు. చేతిలో ఉన్నది మూడేళ్లు కూడబెట్టిన లక్షా తొంభై వేలు. సినిమాకీ సినిమాకీ మధ్య ఇంటద్దె కట్టాల్సింది కూడా అందులోంచే. అదీ అసలు సస్పెన్సు!

కంటపడింది 2013 మోడల్ ఆల్టో 800. తెల్ల రంగు, మీటరు మీద 92 వేల కిలోమీటర్లు. అమ్మే ఆసామి అడిగింది సరిగ్గా లక్షా తొంభై. చూశారా కాకతాళీయం! మనవాడు ఆ క్షణాన్నే జేబులో చెయ్యి పెట్టబోయాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని యూసఫ్‌గూడ మెకానిక్ భాయ్ దగ్గరకు లాక్కెళ్లాను.

ఈ బండి వంశవృక్షం కాస్త చెప్పాలి. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. మధ్యతరగతి వాడి కల అంటే అదే. 2014 జనవరిలో దాని తయారీ ఆగింది. అంతకుముందే, 2012 అక్టోబరులో, ఆల్టో 800 వచ్చేసింది. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. అన్నట్టు, మూడు సిలిండర్ల బండి నిలబడి ఉన్నప్పుడు కాస్త వణుకుతుంది. అది జబ్బు కాదు, దాని నడకే అంత. మన కుర్రాళ్లు అది చూసి హడలిపోతారు. హడలాల్సినవి వేరే ఉన్నాయి.

భాయ్ వచ్చీ రాగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. "వేడిగా ఉంది సార్. మనం వచ్చేముందే స్టార్ట్ చేసి పెట్టారు. రేపు పొద్దున చల్లటి ఇంజను చూద్దాం," అన్నాడు. ఆహా! ఇది కదా ఎంట్రీ అంటే! చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే అసలు రంగు బయటపడుతుంది. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ తింటోందన్నమాట. మెకానిక్కుల భాషలో "బోరుకొచ్చింది". అలాంటి బండికి దండం పెట్టి రావడమే మేలు. తెల్ల పొగ ఎంతకీ ఆగకపోతే రేడియేటరు నీళ్లు లోపలికి దూరుతున్నాయేమోనని అనుమానించాలి. ఆయిల్ మూత తీసి చూస్తే లోపల మజ్జిగ మీగడలా కనిపించినా అదే అనుమానం.

మర్నాడు పొగ రంగు బాగానే ఉంది. కానీ క్లచ్? హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరులో వేసి, క్లచ్ మెల్లగా వదిలాడు భాయ్. మంచి క్లచ్ అయితే ఇంజను అక్కడికక్కడే ఆగిపోవాలి. ఇది ఆగకుండా మూలుగుతూనే ఉంది. ప్లేటు అరిగిపోయింది! సిటీ ట్రాఫిక్‌లో క్లచ్ మీంచి కాలు తియ్యకుండా నడిపితే అంతే మరి. స్పీడు బ్రేకరు ఎక్కి దిగితే ముందు నుంచి టకటక... లోయరు ఆర్మ్ బుష్షులు. వేగం పెరిగేకొద్దీ భ్రమరంలా ఝుంకారం వినిపిస్తే వీల్ బేరింగ్ అనుకోవాలి. మనవాడి అదృష్టం, ఆ పాట దీంట్లో లేదు.

అన్నిటికన్నా నిశ్శబ్దమైన విలన్ టైమింగ్ బెల్టు. ఈ 796 సీసీ ఇంజనులో అది రబ్బరుది (కె10 ఇంజనులో అయితే చెయిను). చప్పుడు చెయ్యదు, ముందుగా కబురు పెట్టదు. తెగిన రోజున బండి నడిరోడ్డు మీదే. పాత యజమాని ఎప్పుడు మార్చాడో బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే లెక్క. మా ఆసామి బిల్లు చూపించలేదు.

టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి, గమనించారా? మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1217 అంటే 2017లో పన్నెండో వారం పుట్టిందని. ఈ బండికి రెండు టైర్లు అలాంటి ముసలివే! మీటరు వెనక్కి తిప్పే ఘనులు ఉన్నారు గాని పెడల్ రబ్బరు అరుగుదలని ఎవరూ వెనక్కి తిప్పలేరు. సీటు బెల్టు కూడా చివరిదాకా లాగి చూడండి. లోపలి కొసన బురద చార కనిపిస్తే అది వరదలో మునిగిన బండి. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బెజవాడ మునిగాయి. ఆ నీళ్లలో నానిన బళ్లు ఎక్కడికి పోతాయంటారు? కడిగి, సెంటు కొట్టి, మన ముందుకే! విశాఖ, కాకినాడ బళ్లకయితే నీళ్ల సంగతి సరే, ఉప్పుగాలి తుప్పు. కార్పెట్టు ఎత్తి చూడాల్సిందే.

ఇక బేరం. భాయ్ లెక్క కాగితం మీద వేశాడు. బెల్టూ వాటర్ పంపూ 4,500, క్లచ్ సెట్టు 5,500, బుష్షులు 3,000, రెండు టైర్లు 5,800, బ్యాటరీ 3,600. మొత్తం 22,400. ఆ కాగితం ఆసామి చేతిలో పెడితే అరగంట వాదించి, రెండు కప్పుల టీ తాగి, లక్షా అరవై రెండుకి దిగాడు. నవ్వుతూ అడిగితే పదివేలు తగ్గేది, కాగితం చూపిస్తే ఇరవై ఎనిమిది తగ్గింది! రిపేర్లయ్యాక మనవాడి దగ్గర మిగిలింది 5,600.

ఇక్కడే నాకూ వాడికీ చిన్న తగువు. నా మాట ఒకటే: ఇంటద్దెకు రెండు నెలల సొమ్ము పక్కన పెట్టుకోలేనివాడు ఈ బండి కొనకూడదు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 18 వచ్చినా, యాభై అయిదు లీటర్ల పైమాటే. అంటే హైదరాబాదులో ఆరువేలకు కాస్త అటూ ఇటూ. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండనే ఉంది: వెయ్యి సీసీ లోపు కార్లకు 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేటు ఏడాదికి 2,094, పైన పన్ను. 2028లో పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్. ఆ ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్ ఒకటి నుంచి 5,000 చేశారు.

చివరికి వాడే దారి కనిపెట్టాడు. టైర్లు, క్లచ్, బెల్టు ముందు చేయించాడు. అవి ప్రాణాల మీదకు తెచ్చేవి, దారిలో నిలబెట్టేవి. టకటకలాడే బుష్షులూ, ఇంకా కుంటుతున్న బ్యాటరీ వచ్చే షెడ్యూలు పేమెంటు దాకా ఆగాయి. అలా చేతిలో 12,200 మిగిలాయి. అద్దె భయం సగం తీరింది.

కానీ ఒక్క విషయంలో నేను ససేమిరా ఒప్పుకోలేదు. డబ్బు ముట్టిన రోజే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు! "పేరు తర్వాత మార్చుకోండి, తొందరేముంది?" అన్నాడు ఆసామి. తొందర వాడికే ఉండాలి, పాపం తెలియదు. రిజిస్టర్లో ఎవరి పేరుంటే యాక్సిడెంటు నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీం కోర్టు తేల్చేసింది. ఆ ముక్క చెప్పగానే ఆసామి పెన్ను అడిగి మరీ సంతకం పెట్టాడు. లోను బాకీ తీరినట్టు ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ కూడా అడిగి పుచ్చుకున్నాం.

మొన్న ఫిలింనగర్ గేటులోకి మన ఆల్టో టకటకలాడుతూనే వెళ్లిందట. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడట కూడా. కథ వినడానికి ప్రొడ్యూసరుగారు మాత్రం ఊళ్లో లేరు!