కనుగ్రుడ్డు కంపించినంతనే నేరమా?

మద్యపానము సంసారములను నాశనము చేయుచున్నదని వాదించువారిలో మేమును జేరినవారమే. త్రాగి మోటారు నడపువాడు తన ప్రాణమునేగాక దారిని బోవు నిరపరాధుల ప్రాణములను గూడ పణమొడ్డుచున్నాడు. వానిని శిక్షింపవలదని మేమెన్నడును జెప్పము. అయినను దోషిని శిక్షించు నుత్సాహములో నిర్దోషిని శిక్షించుట సంస్కారము కాజాలదు.

అమెరికా దేశమున రక్షకభటులు త్రాగి బండి నడపువారిని గుర్తించుటకు కంటిపరీక్ష నొకదానిని వాడుచున్నారు. 1975లో కాలిఫోర్నియాయం దారంభమైన పరిశోధనల ఫలితమిది. భటుడు ఎదుటివాని ముఖమునకు 12 మొదలు 15 అంగుళముల దూరమున కలమునో వ్రేలినో నిలిపి ప్రక్కకు మెల్లగా జరుపును. వాడు తల కదల్పక కన్నులతోడనే దానిని వెంబడింపవలెను. మద్యము చూపును నిలుపు మెదడు శక్తిని మందగింపజేయును గావున, కనుగ్రుడ్డు ప్రక్కచూపున నిలువలేక వెనుకకు జారి, చప్పున మరల ప్రక్కకు లాగబడుచుండును. ఇది శకునములవారు చెప్పు కన్నదరుట కాదు. ఱెప్ప గాక గ్రుడ్డే కదలుట. చూపు తడబడుచు సాగుట, కొనయందు గ్రుడ్డు ఎడతెగక కంపించుట, 45 డిగ్రీలకు లోపుననే కంపము మొదలగుట, ఇవి కంటికి మూడేసి చొప్పున ఆరు గుర్తులు. వీనిలో నాలుగు కనబడినచో త్రాగినాడని యనుమానింతురు.

ఇందు శాస్త్రము లేదని మేమనము. కాని యీ కంపము మద్యమునకు మాత్రమే సొంతమా? కొందరికిది పుట్టుకతోనే యుండును. చెవిలోపలి వ్యాధులవలనను, మూర్ఛరోగులు సేవించు ఫెనిటాయిన్ వంటి మందులవలనను గలుగును. చూపును కొనవఱకు లాగినప్పుడు ఆరోగ్యవంతునికిని కొంచెము గలుగవచ్చును. వైద్యుడు శ్రమపడి నిర్ణయింపవలసిన యీ భేదములను అర్ధరాత్రమున బాటప్రక్క నిలిచి భటుడు నిర్ణయించుటయా? పైగా ఆ కంపమును దగ్గఱనుండి చూచినవాడు తఱచుగా భటుడొక్కడే. నేరము మోపువాడును వాడే, సాక్షియు వాడే! మందు మ్రింగి పనికి బోవు గృహస్థునకు త్రాగుబోతను పేరు వచ్చినచో, పోయిన యుద్యోగమును, ఇల్లాలి గౌరవమును తిరిగి తెచ్చియిచ్చువారెవరు?

ఈ పరీక్ష నిర్బంధించుటకు తగిన కారణము కాగలదుగాని, రసాయనపరీక్ష లేనిదే రక్తములోని మద్యపరిమాణమును నిరూపింపజాలదని అరిజోనా రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 1986లోనే తీర్పు చెప్పినది. కొలత కావలెనను నీ న్యాయము మనకును క్రొత్త కాదు. మన 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను, 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములను మించిన మద్యము పరీక్షలో తేలవలెనని హద్దు విధించినది.

కావున మేము కోరునది స్వల్పము. కంటి కంపమును జూచి యనుమానింపుడు. అనుమానము గలిగినంతనే శ్వాసమునో రక్తమునో కొలువుడు. కొలత దోషియని చెప్పినచో దయ చూపనక్కఱలేదు. కొలువకయే దోషియనుటను మాత్రము, మద్యమును ద్వేషించు మనమే ముందుగా నిరసింపవలెను.