కొంకణ్ కొండలు దారిచ్చినయి, మన చెల్కలే అడ్డమొచ్చినయా?

పెద్దపల్లి నుంచి కరీంనగర్ మీదుగా నిజామాబాద్ కు రైలు దారి 177 కిలోమీటర్లు. శంకుస్థాపన జరిగింది 1993లో. చివరి దాకా రైలు నడిచింది 2017 మార్చిలో. నడుమ 24 ఏండ్లు. ఆ శంకుస్థాపన యేడు జగిత్యాలలో పుట్టిన పిలగాడు బడికి పోయి, కాలేజీకి పోయి, 2011 సకల జనుల సమ్మెలో రైల్ రోకో అంటే పట్టాల మీద కూసొని, కేసులు మెడకేసుకొని, రాష్ట్రం వచ్చి మూడేండ్లు నిండొచ్చేదాకా తన ఊరి నుంచి నిజామాబాద్ కు రైలెక్కలేదు. పట్టాల కోసం ఎదురు చూసినోళ్లమే పట్టాల మీద పండుకున్నం.

ఇంత ఆలస్యం ఎందుకని అడిగినప్పుడల్లా ఒక ముచ్చట చెప్పిన్రు. భూసేకరణ కాలేదన్నరు. నిధులు రాలేదన్నరు. గుట్టలున్నయి, వాగులున్నయి అన్నరు. ఈ దారి గిట్టుబాటు కాదన్నరు. గుట్టలు, వాగుల సంగతే ముందు తేలుద్దాం. ఎందుకంటే మన నేల మీద మోపిన ఆ నింద ఇంకా కొందరి నోట్లో నానుతున్నది.

ఈ 177 కిలోమీటర్ల దారి గోదావరికి దక్షిణాన్నే పోతది. గోదావరిని ఒక్కసారి కూడా దాటదు. దాటేదల్లా వాగులు, వంకలు, కాలువలు. చెల్కలు, మక్క చేన్లు, పసుపు చేన్లు, అక్కడక్కడ బండలు. సరిగ్గా అదే కాలంలో, ఇదే దేశంలో, ఇదే రైల్వే శాఖ కింద ఇంకొక దారి పడ్డది. దాని పేరు కొంకణ్ రైల్వే.

మహారాష్ట్రలోని రోహా నుంచి కర్ణాటకలో మంగళూరు పక్కన తోకూరు దాకా దాదాపు 740 కిలోమీటర్లు. ఒక దిక్కు సహ్యాద్రి కొండలు, ఇంకో దిక్కు అరేబియా సముద్రం. ఆ నడుమ సన్నటి పట్టీ. ఏటా 3 వేల మిల్లీమీటర్లు దాటే వాన, అంటే మన కరీంనగర్ వానకు మూడింతలు. కొండల్లో పుట్టిన నదులు కొద్ది దూరంలోనే సముద్రంలో పడతయి. ఎండకాలం ఒర్రెల లెక్క కనపడ్డ నీళ్లే వానకాలం గట్లు తెంపుతయి. సావిత్రి, వాశిష్ఠి, మాండవి, జువారి, కాళి, శరావతి, ఒకటి దాటితే ఇంకొకటి. సముద్రపు పోటు లోపలికి ఎగదన్నే చోట అడుగంతా బురద. ఆ బురదలో పునాది దింపాలె.

చిన్నయి పెద్దయి కలిపి దాదాపు 2 వేల వంతెనలు కట్టిన్రు. హొన్నావర్ దగ్గర శరావతి మీది వంతెన 2 కిలోమీటర్ల పైచిలుకు. రత్నగిరి దగ్గర పాన్వల్ నది లోయ మీద కట్టిన వంతెన ఎత్తు 64 మీటర్లు. మన చార్మినార్ ను ఆ లోయలో నిలబెడితే దాని మీనార్ల మీదికెళ్లి రైలు పోతది. 90కి పైగా సొరంగాలు, అన్నీ కలిపితే 80 కిలోమీటర్లు దాటుతయి. ఒక్క కర్బుడే సొరంగమే ఆరున్నర కిలోమీటర్లు. గట్టి రాతిని తొలిచేందుకు స్వీడన్ నుంచి యంత్రాలు తెప్పించిన్రు. నిజానికి రాయి వాళ్లను ఏడిపించలేదు, మన్ను ఏడిపించింది. గోవాలో పెర్నెం సొరంగం దగ్గర తవ్వినకొద్దీ తడి మన్ను మీద పడ్డది. తవ్వుడు, కూలుడు, మళ్లా తవ్వుడు. దారంతా అయిపోయి ఆ ఒక్క సొరంగం కోసం ఆగవలసి వచ్చింది.

పని మొదలైంది 1990 సెప్టెంబర్ లో. మంగళూరు, ఉడుపి నడుమ 1993లోనే రైలు నడిచింది. 1998 జనవరి 26 నాటికి మొత్తం దారి మీద ప్రయాణికుల రైళ్లు తిరిగినయి. అయిదేండ్లలో చేస్తమని చెప్పి ఏడేండ్లు దాటిచ్చిన్రు, నిజమే. కానీ ఆ రోజుకు మన దారి పెద్దపల్లి నుంచి 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న కరీంనగర్ కు కూడా చేరలేదు!

మరి అక్కడ ఎట్లయింది? దేవుడు దిగి రాలేదు. 1990లో ఆ పనికోసమే ఒక కార్పొరేషన్ పెట్టిన్రు. అందులో రైల్వేకు 51 శాతం, మహారాష్ట్రకు 22, కర్ణాటకకు 15, గోవా, కేరళలకు చెరో 6 శాతం వాటా. డబ్బు కోసం ఏటా బడ్జెట్ లో ఏం పడేస్తరా అని చెయ్యి చాపి కూసోలేదు. బాండ్లు అమ్మి మార్కెట్ నుంచి తెచ్చుకున్నరు. రైల్వే బోర్డు నుంచి రిటైరైన శ్రీధరన్ ను తెచ్చి పగ్గాలు చేతిలో పెట్టిన్రు. దారిని దాదాపు 100 కిలోమీటర్ల చొప్పున ఏడు ముక్కలు చేసి, ముక్కకొక చీఫ్ ఇంజనీర్ ను పెట్టి, నిర్ణయం అక్కడికక్కడే తీసుకొమ్మన్నరు. అప్పుడు రైల్వే మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్ మంగళూరులో పుట్టిన మనిషి. ఆర్థిక మంత్రి మధు దండవతే కొంకణ్ లోని రాజాపూర్ నుంచి గెలిచినాయన. తమ నేల అడిగితే ఫైలు కదిలిచ్చే మనుషులు ఆ కుర్చీల్లో ఉన్నరు.

మనకూ ప్రధానమంత్రే ఉండె కదా అని ఎవరన్నా అడగొచ్చు. అడగవలసిందే. పి.వి. నరసింహారావు మన కరీంనగర్ బిడ్డ. ఆయన చేతుల మీదనే శంకుస్థాపన అయింది. కానీ రాయి ఒకటి, పైసలు ఇంకొకటి. రాయికి కొబ్బరికాయ కొట్టి పైసల్ని ఏటా బడ్జెట్ దయకు వదిలేసిన్రు. ఆయన కుర్చీ దిగిపోయినంక ఆ రాయిని పట్టిచ్చుకున్నోడు లేడు. ఆ తర్వాత ఢిల్లీలో చక్రం తిప్పుతున్నమని చెప్పుకున్నోళ్లు హైదరాబాద్ లో ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నరు. యునైటెడ్ ఫ్రంట్ ను నడిపిచ్చిన్రు, వాజపేయి సర్కారును నిలబెట్టిన్రు. ఆ చక్రం ఒక్కసారన్నా జగిత్యాల దిక్కు తిరగలేదు. దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం 1966 నుంచి మన సికింద్రాబాద్ లోనే ఉన్నది. భవనం మన గడ్డ మీద, ఫైలు మాత్రం ఢిల్లీలో.

రైలంటే ఏందో మనకు వేరే వాళ్లు నేర్పలేదు. నిజాం కాలంలో 1874లోనే వాడి నుంచి సికింద్రాబాద్ కు రైలొచ్చింది. 1929లో కాజీపేట నుంచి గోదావరి దాటి బల్హార్షాకు కలిసింది. నది మీద వంతెన కట్టుకున్న రాజ్యం మనది. 1950లో ఆ రైల్వేను భారత రైల్వేలో కలిపిన్రు. కలిపినంక నది దాటని దారికి 24 ఏండ్లు పట్టింది.

ఇది తెలంగాణ ఒక్కదాని గోస కాదు. కోనసీమకే పోదాం. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా 57 కిలోమీటర్ల దారి 2000లో మంజూరైంది. లోక్ సభ స్పీకర్ బాలయోగి పట్టుబట్టి తెచ్చిన్రు. అక్కడ నిజంగనే నదులున్నయి. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలు దాటాలె. 2002లో బాలయోగి చనిపోయిన్రు. పావు శతాబ్దం గడిచినా ఆ దారి మీద రైలు నడవలేదు. కొంకణ్ లో వాశిష్ఠి మీద వంతెన పడ్డది, కోనసీమ వశిష్ఠ మీద రైలు పోలేదు. సమైక్యమని గొంతు చించుకున్న పెత్తందార్లు తమ సొంత నదుల ఒడ్డున ఉన్న పేదోళ్లను కూడా పడవల మీదనే ఉంచిన్రు. కోనసీమ కొబ్బరి రైతుతోని మాకు పగ లేదు, ఎన్నడూ లేకుండె.

కొంకణ్ ను మేము నెత్తిన పెట్టుకుంటలేము. ఆ వేగం ఊరికే రాలేదు. 70 మందికి పైగా పని మీద ప్రాణాలు పోగొట్టుకున్నరు. గోవాలో ఉప్పునీటి గట్ల నడుమ ఉండే ఖజాన్ పొలాలు ముంపు పాలైతయని జనం కొట్లాడితే పని ఆగింది. విచారణకు ఓజా కమిషన్ ను వేసిన్రు, అయినా దారి పెద్దగ మారలేదు. 2003 జూన్ లో వైభవ్ వాడి దగ్గర కొండ చరియ పట్టాల మీద పడి రైలు తప్పి 50 మందికి పైగా చచ్చిపోయిన్రు. మరుసటి యేడు వానలకు మత్స్యగంధ ఎక్స్ ప్రెస్ పడ్డది. కొండను కోసినంక అంచుల్ని నిలబెట్టే పని వెనుకబడితే ఏమైతదో ఆ శవాలు చెప్పినయి. కాబట్టి రేపు మన దగ్గర ఎవరన్నా వేగం పేరు చెప్పి రైతు నోరు మూపిద్దామంటే దానికి కూడా మేము ఒప్పుకోము.

ఇగ మనోళ్ల సంగతి. రాష్ట్రం వచ్చినంక కూడా ఇది అడగకపోతే మనం కొట్లాడినదానికి అర్థం లేదు. మనోహరాబాద్ నుంచి సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడ మీదుగా కొత్తపల్లికి 151 కిలోమీటర్ల దారి. మంజూరైంది 2006-07 బడ్జెట్ లో, కేసీఆర్ కరీంనగర్ ఎంపీగా ఉన్నప్పుడు. శంకుస్థాపన 2016 ఆగస్టులో, ఆయన ముఖ్యమంత్రి అయినంక, ప్రధాని మోదీ వచ్చి చేసిన్రు. ఖర్చులో మూడో వంతు రాష్ట్రానిదే, భూమి కూడా రాష్ట్రమే ఇయ్యాలె. సిద్దిపేటకు రైలొచ్చింది 2023 అక్టోబర్ లో. మంజూరు నుంచి లెక్కపెడితే సగం దారికే 17 ఏండ్లు! సిరిసిల్ల మగ్గాల మీద నేసిన బట్ట ఆనాటికీ లారీల మీదనే పోతున్నది.

అదే భద్రాచలం రోడ్డు నుంచి సత్తుపల్లికి బొగ్గు దారి చూడుండ్రి. ఖర్చులో పెద్ద వాటా సింగరేణి పెట్టింది, 2022లో బొగ్గు రైళ్లు నడిచినయి. బొగ్గుకు తొందరగ దారి దొరుకుతది, మనిషికి దొరకదు. గిట్టుబాటు అనే మాటకు అర్థం గిదే.

మన వాటా మనం పెడుతున్నప్పుడు లెక్క చెప్పుమని అడిగే హక్కు మనకున్నది. కొంకణ్ లో వాటా పెట్టిన రాష్ట్రాలు కార్పొరేషన్ బోర్డులో కూసున్నయి. మూడో వంతు ఇచ్చే తెలంగాణ ఎక్కడ కూసున్నది? ఏ ముక్క ఏ తారీఖుకు అయితదో, దానికి కేంద్రం ఎంత ఇచ్చిందో, రాష్ట్రం ఎంత బాకీ పడ్డదో, ఏ ఊర్లో ఎంత భూమి అప్పగించలేదో ప్రతి మూడు నెలలకు కాగితం మీద పెట్టాలె. మన ఎంపీలు, ఏ జెండా వాళ్లయినా సరే, ఆ కాగితం పట్టుకొని సిరిసిల్ల బస్టాండులో జనం ముందట చదవాలె. భూమి పోయిన రైతుకు పైసలు ముట్టినంకనే గునపం దించాలె. విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు మొదటి కాగితం ఎప్పుడిస్తరో వాళ్ల ఇండ్ల కాడికే పోయి అడగాలె. మేము కూడా వస్తం.